కుందేటి కొమ్ము, దేవుడు: ఒక పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం చూడటానికి చిన్నదే. దేవుణ్ణి నమ్మడమూ, ఒంటికొమ్ము గుర్రాన్నో మత్స్యకన్యనో నిప్పులు కక్కే రెక్కల సర్పాన్నో నమ్మడమూ ఒకటేనా అన్నది ప్రశ్న. అయితే దీనిని ప్రశ్నగా అడిగేవారు అరుదు. ఒకరు దీనిని ఎత్తిపొడుపుగా విసురుతారు, రెండోవారు అవమానంగా అందుకుంటారు, ఆ తరువాత నడిచే మాటలన్నీ మర్యాద గురించే తప్ప విషయం గురించి కావు. నేను ఇవాళ ఈ పోలికను వాదంగా తీసుకోదలచాను. అలా తీసుకుని చూస్తే అది ఒక్క వాదం కాదనీ, మూడు నాలుగు వేర్వేరు వాదాలు ఒకే మాట చాటున నిలబడి ఉన్నాయనీ, వాటిలో కొన్ని చాలా గట్టివనీ, కొన్ని గురి తప్పినవనీ నాకు తోస్తుంది. నేను ఆస్తికుడినా నాస్తికుడినా అన్నది ముందే తెలుసుకోవాలనుకునేవారు కాస్త ఓపిక పట్టాలి. అది తెలిసిన మరుక్షణం నా వాదాన్ని వదిలి నా పక్షాన్ని మాత్రమే వింటారేమోనన్న భయం నాకుంది.

ముందుగా మన క్రియాపదం సంగతి చూద్దాం. తెలుగులో ‘నమ్మడం’ రెండు రకాలుగా వాడుకలో ఉంది. ‘దేవుడున్నాడని నమ్ముతాను’ అనడం ఒకటి, ‘దేవుణ్ణి నమ్ముకున్నాను’ అనడం మరొకటి. మొదటిది లోకంలో ఏమున్నదో చెప్పే వాక్యం. అది నిజమో అబద్ధమో అయి తీరాలి. రెండోది ఒకరి మీద భారం వేసిన మనిషి చెప్పే మాట. స్నేహితుణ్ణి నమ్ముకుని ఊరు విడిచిన వ్యక్తి, ఆ స్నేహితుడు ఉన్నాడన్న సమాచారాన్ని మనకు అందించడం లేదు. అతని మాట మీద తన బతుకును నిలిపానని చెబుతున్నాడు. ఇప్పుడు ఇదే పరీక్ష ఒంటికొమ్ము గుర్రానికి పెట్టి చూడండి. ‘ఒంటికొమ్ము గుర్రం ఉందని నమ్ముతాను’ అన్న వాక్యం వింతగా ఉన్నా అర్థమవుతుంది. ‘ఒంటికొమ్ము గుర్రాన్ని నమ్ముకున్నాను’ అంటే మాత్రం, ఆ మనిషి ఏదో గుర్రప్పందెంలో డబ్బు పెట్టాడనుకుంటాం.

గజేంద్రుడి కథ మనకు తెలిసినదే. మొసలి పట్టు వదలక, ఒంట్లో బలం చాలక, ఉన్నాడు ఉన్నాడని అందరూ చెప్పే ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో అని ఆ ఏనుగు సందేహపడుతుంది. సందేహపడుతూనే ఆయననే పిలుస్తుంది. ఉనికి గురించిన సంశయమూ, నమ్ముకోవడమూ ఒకే గుండెలో ఒకే క్షణంలో ఉండగలవని ఆ ఘట్టం చూపుతుంది. మత్స్యకన్య ఉందో లేదో తేలని నావికుడు మత్స్యకన్యను మొరపెట్టుకోడు, దుర్భిణి తీసి సముద్రం వైపు చూస్తాడు. పోలికలో మొదటి పగులు ఇక్కడే కనిపిస్తుంది. కానీ దీనితోనే వాదం ముగిసిందనుకునే ఆస్తికులను నేను చాలామందిని చూశాను, వారితో ఏకీభవించలేను. నమ్ముకోవాలంటే నమ్ముకోదగినవాడు ముందు ఉండాలి. లేని స్నేహితుణ్ణి నమ్ముకుని ఊరు విడిచిన మనిషి నిష్ఠ ఎంత గొప్పదైనా, ఆ నిష్ఠ స్నేహితుణ్ణి సృష్టించదు. కాబట్టి రెండో నమ్మకం ఎంత లోతైనదైనా మొదటి నమ్మకం మీదనే నిలవాలి, ఆ మొదటి నమ్మకాన్ని ఎలా పరీక్షించాలన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది.

పురాణ జీవులను మనం ఎందుకు నమ్మడం లేదో ఒకసారి నెమ్మదిగా చూడాలి. ‘అవి కట్టుకథలు కాబట్టి’ అనడం సమాధానం కాదు. కట్టుకథలని ఎలా తెలిసిందన్నదే ప్రశ్న. ఒంటికొమ్ము గుర్రం చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతంలో పర్షియా రాజాస్థానంలో వైద్యుడుగా పనిచేసిన తెసియస్ అనే గ్రీకు రచయిత, తాను ఎన్నడూ చూడని భారతదేశం గురించి రాస్తూ, అక్కడ తెల్లని ఒళ్లూ ఎర్రని తలా నీలికళ్లూ ఉన్న అడవిగాడిదలు ఉంటాయనీ, వాటి నుదుట మూరన్నర పొడవున్న కొమ్ము ఒకటి ఉంటుందనీ, ఆ కొమ్ముతో చేసిన పాత్రలో తాగినవారికి విషం సోకదనీ చెప్పాడు. ఖడ్గమృగం గురించి విన్న మాటలే అలా రూపు మారి ఉంటాయని పండితుల ఊహ. ఆ తరువాత ఎన్నో శతాబ్దాలపాటు యూరప్‌లో ఆ కొమ్ములు నిజంగానే దొరికేవి. రాజుల ఖజానాల్లో ఉండేవి, మందుల అంగళ్లలో పొడిగా అమ్ముడుపోయేవి. అంటే, ఆనాటి మనిషికి ఒంటికొమ్ము గుర్రం గాలిలోని ఊహ కాదు. చేత్తో పట్టుకుని చూడగలిగిన సాక్ష్యం అతని ముందుండేది. 1638లో డెన్మార్కు వైద్యుడు ఓలె వోర్మ్, ఆ కొమ్ములు ఉత్తర సముద్రాల్లో తిరిగే నార్వాల్ అనే తిమింగిలజాతి జంతువు పళ్లని నిరూపించాడు. నమ్మకం ఒక్కరోజులో పోలేదు కానీ, దాని కింద ఉన్న నేల జారిపోయింది.

మత్స్యకన్యలదీ ఇదే దారి. 1493 జనవరి 9న కొలంబస్ తన దినచర్యలో మూడు మత్స్యకన్యలను చూసినట్టు రాసుకున్నాడు. చిత్రాల్లో వేసినంత అందంగా లేవని ఒక నిరాశను కూడా జతచేశాడు. ఆయన చూసినవి సముద్రపు క్షీరదాలైన మనాటీలని ఇప్పుడు అందరూ అంగీకరిస్తారు. స్కాట్లాండులోని లోక్‌నెస్ సరస్సులో పెద్ద జంతువు ఉందన్న ప్రచారాన్ని పరీక్షించడానికి 2018లో సరస్సు నీటి నమూనాలు తీసి, అందులో కరిగి ఉన్న జీవుల డీఎన్ఏను విశ్లేషించారు. సరీసృపాల జాడ దొరకలేదు, మలుగు చేపల డీఎన్ఏ మాత్రం పుష్కలంగా దొరికింది. ఈ కథ ఎప్పుడూ ఒకే వైపు నడవలేదని కూడా గుర్తుంచుకోవాలి. నావికులు చెప్పుకునే భీకర సముద్రజీవి వెనుక భారీ స్క్విడ్ అనే నిజమైన ప్రాణి ఉందని 1857లో స్టీన్‌స్ట్రప్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. 2004లో దానిని సముద్రగర్భంలో ప్రాణంతో ఉండగా తొలిసారి ఫోటో తీశారు. మధ్య ఆఫ్రికా అడవుల్లో వింతజంతువు ఉందన్న వదంతి 1901లో ఒకాపి అనే నిజమైన జంతువుగా శాస్త్రగ్రంథాలకెక్కింది.

ఈ ఉదాహరణలన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. ఇవి వెదకదగిన వస్తువులు. ఉంటే ఫలానా చోట, ఫలానా విధంగా కనబడాలి. కనబడితే ఉన్నట్టు, కనబడవలసిన చోట కనబడకపోతే లేనట్టు.

ఈ చివరి వాక్యంలో ‘కనబడవలసిన’ అన్న మాట చాలా బరువైనది. మన ప్రాచీన తర్కశాస్త్రం దీనికి ఒక పేరు పెట్టి, దాని చుట్టూ శతాబ్దాలపాటు వాదించింది. ఆ పేరు యోగ్యానుపలబ్ధి. నేలమీద కుండ లేదని మనకెలా తెలుస్తుంది? కుండ కనబడలేదు కాబట్టి. అయితే కనబడకపోవడం ఒక్కటే చాలదు. వెలుతురు ఉండాలి, కన్ను బాగుండాలి, ఆ వస్తువు చూడటానికి యోగ్యమైనది కావాలి. ఈ షరతులన్నీ ఉండి కూడా కనబడకపోతేనే లేదని చెప్పవచ్చు. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని తేలదు. కంటికి అందనిది కనబడకపోవడం వల్ల కూడా ఏమీ తేలదు.

ఇక్కడ ఉదయనాచార్యుణ్ణి తలచుకోక తప్పదు. పదో శతాబ్దం చివరా పదకొండో శతాబ్దం మొదలా అన్నది పండితులు తేల్చుకుంటారు, ఆ కాలపు నైయాయికుడాయన, అంటే న్యాయదర్శనం అనే తర్కశాస్త్రంలో పండితుడు. ఈశ్వరుణ్ణి తర్కంతో నిరూపించడానికి న్యాయకుసుమాంజలి అనే గ్రంథాన్ని అయిదు స్తబకాలుగా, అంటే అధ్యాయాలుగా రాశాడు. అందులో మూడో స్తబకం ఆరంభమే మన నేటి ప్రశ్న. ఈశ్వరుడు కనబడటం లేదు కనుక లేడు అంటాడు ప్రతివాది. కనబడటానికి యోగ్యమైనది కనబడకపోతేనే అభావం, అంటే అది లేదన్న సంగతి, సిద్ధిస్తుంది, ఈశ్వరుడు ఇంద్రియాలకు యోగ్యుడు కాడు కదా అన్నది జవాబు. ప్రతివాది అక్కడ ఆగడు. సరే, అలాగైతే కుందేటికి కూడా కంటికి కనబడని కొమ్ము ఉందని ఎవరైనా అంటే నీవు ఎలా కాదంటావు అని నిలదీస్తాడు. చూశారా, ఒంటికొమ్ము గుర్రంతో ఇవాళ వేసే ఎత్తిపొడుపు వెయ్యేళ్లనాడే కుందేటి కొమ్ము రూపంలో సిద్ధంగా ఉంది! ఇది కొత్తగా దిగుమతి అయిన వాదమని భయపడేవారూ, ఇది సరికొత్త అస్త్రమని మురిసేవారూ ఇద్దరూ ఈ పుటలు చదవాలని నా కోరిక.

ఉదయనుడి సమాధానం నా మాటల్లో చెబుతాను. కొమ్ము అనేది చూడటానికి యోగ్యమైన వస్తువు. తలమీద మొలిచేదీ, తాకితే గట్టిగా తగిలేదీ, చూస్తే కనబడేదీ అయితేనే దానిని కొమ్మంటాం. కుందేటి తలమీద అలాంటిది లేదని కన్నే చెబుతుంది. కంటికి ఎన్నటికీ అందని కొమ్ము అంటావా, దానిని నేను ఖండించడం లేదు, కానీ నీవు దానిని కొమ్మని పిలవడానికి ఏమీ మిగల్చలేదు. కాబట్టి రెండు సందర్భాలూ సమానం కావు అంటాడాయన. ఇది తెలివైన జవాబు. కానీ ఇందులో ఒక అప్పు దాగి ఉంది. కనబడని కొమ్ములో కొమ్ముతనం మిగలలేదన్న ఆక్షేపణనే తిప్పి ఈశ్వరుడి మీద వేయవచ్చు. శరీరం లేదు, చోటు లేదు, ఇంద్రియాలకు అందడు, అయినా కర్త, అయినా తెలిసినవాడు, అయినా సంకల్పించేవాడు అన్నప్పుడు, కర్త అన్న మాటలో ఏమి మిగిలింది? ఈ ప్రశ్న వేసినవారు నాస్తికులు మాత్రమే అనుకోకండి. వేదాన్ని శిరసావహించిన మీమాంసకుడు కుమారిలుడు, శరీరమే లేనివాడికి సృష్టించాలన్న కోరిక ఎలా కలిగిందని అడిగాడు. ఉదయనుడు ఆ అప్పును గ్రంథంలో తరువాతి భాగాల్లో తీర్చడానికి ప్రయత్నించాడు. తీరిందా లేదా అన్నది ఇంకా వాదమే.

ఇప్పుడు ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. 1952లో బెర్ట్రాండ్ రస్సెల్ అనే బ్రిటిష్ తత్త్వవేత్త, ఒక పత్రిక కోరగా రాసినా ఆ పత్రికలో అచ్చుకాని వ్యాసంలో, ఒక టీ కెటిల్ ఉదాహరణ ఇచ్చాడు. భూమికీ కుజుడికీ మధ్య ఒక పింగాణీ కెటిల్ సూర్యుడి చుట్టూ తిరుగుతోందనీ, అత్యంత శక్తిమంతమైన దుర్భిణికి కూడా అందనంత చిన్నదనీ నేను చెబితే, అది తప్పని ఎవరూ నిరూపించలేరు. అంతమాత్రాన నన్ను నమ్మవలసిన పని ఎవరికీ లేదు అన్నది సారాంశం. దీనిని చాలామంది ‘దేవుడు కెటిల్ లాంటివాడు’ అన్న పోలికగా చదువుతారు. ఆ చదువు సరికాదు. రస్సెల్ ఇక్కడ చెబుతున్నది నిరూపణ భారం గురించి. ‘లేడని నిరూపించు చూద్దాం’ అన్న సవాలు వాదం కాదని చెప్పడమే ఆయన ఉద్దేశం. అంతవరకు ఆయన మాటకు తిరుగు లేదని నా అభిప్రాయం. ఆస్తికుడు దీనిని మారుమాట లేకుండా ఒప్పుకోవాలి. 2005లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, సృష్టి వెనుక మేధావి ఎవరో ఉన్నారన్న వాదాన్ని విజ్ఞానశాస్త్ర తరగతుల్లోకి తేవాలన్న ప్రయత్నం జరిగినప్పుడు, బాబీ హెండర్సన్ అనే భౌతికశాస్త్ర పట్టభద్రుడు ఎగిరే సేమ్యా రాక్షసుణ్ణి కల్పించి, దానికి కూడా తరగతిలో సమాన సమయం ఇవ్వమని విద్యామండలికి లేఖ రాశాడు. అది కూడా పాఠ్యాంశంలో ఏది ఉండాలన్న ప్రశ్నకు వేసిన ఎదురు ప్రశ్న. కాలక్రమేణా అదే దేవుడి ఉనికిని ఖండించే వాదంగా వాడుకలోకి వచ్చింది. హాస్యం ఒక గదిలో పుట్టి మరో గదిలో వాదమైనప్పుడు, గది మారిందన్న సంగతిని మనం గమనించాలి.

కెటిల్ విషయంలో ఇంకొక మెలిక ఉంది. కెటిల్ లేదని మనం ధీమాగా అనడానికి, దానికి సాక్ష్యం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కెటిళ్లను మనుషులు చేస్తారని తెలుసు, ఎవరూ దానిని అక్కడికి పంపలేదని తెలుసు. అంటే మన లోకజ్ఞానమంతా కెటిల్‌కు ఎదురుగా నిలబడి సాక్ష్యం చెబుతోంది. దేవుడి విషయంలో అలాంటి లోకజ్ఞానం ఏది? కొందరు లోకంలోని దుఃఖాన్ని చూపుతారు, కొందరు ప్రకృతి నియమాలు వాటంతటవే చాలునంటారు. ఇవి గట్టి వాదాలే, కానీ కెటిల్ మీద గెలిచినంత సులువుగా ఇక్కడ గెలవలేం. ఒక్కొక్కదాన్నీ విడివిడిగా వాదించాలి. పోలిక ఆ శ్రమను తప్పించినట్టు భ్రమ కలిగిస్తుంది. నాకు ఈ పోలికతో ఉన్న ప్రధానమైన తగవు ఇదే.

ఆస్తిక తత్త్వవేత్తలు చాలాకాలంగా చెబుతున్న మరో భేదం ఉంది. పురాణ జీవి లోకంలో ఉన్న వస్తువుల్లో ఒకటి. లోకంలోని జంతువులన్నిటినీ ఒక జాబితాగా రాస్తే, ఒంటికొమ్ము గుర్రం ఆ జాబితాలో చేరుతుందా లేదా అన్నది ప్రశ్న. దేవుడు ఆ జాబితాలో మరొక వరుస కాదు, జాబితా అనేదే ఎందుకుందన్న ప్రశ్నకు ప్రతిపాదించిన సమాధానం. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ తత్త్వవేత్త, దేవుడు ఏ జాతికీ ఏ వర్గానికీ చెందినవాడు కాడని వాదించాడు. కేనోపనిషత్తు అంతకంటే ఎంతో ముందే, కన్నుతో చూడబడనిదీ, కన్ను చూడటానికే ఆధారమైనదీ బ్రహ్మమనీ, జనులు ‘ఇది’ అని చూపి ఉపాసించేది అది కాదనీ చెప్పింది. ‘ఇది’ అని చూపలేనిదాన్ని, ‘ఇదిగో’ అని చూపవలసిన జంతువుతో పోల్చడం, సంఖ్యలు ఎక్కడ నివసిస్తాయని అడగడం లాంటిది. ఒంటికొమ్ము గుర్రం లేకపోతే లోకంలో ఒక జంతువు తక్కువ, అంతే. అలాగే, ‘లోకం అసలు ఎందుకుంది’ అన్న ప్రశ్నకు జవాబుగా ఒంటికొమ్ము గుర్రాన్ని ఎవరూ ప్రతిపాదించలేదు. ఉదయనుడు కుండకు కుమ్మరి ఉన్నట్టే కార్యమైన జగత్తుకు కర్త ఉండాలని అనుమాన ప్రమాణం చూపాడు. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చే తర్కం. ఆ అనుమానం చెల్లదని మీరనవచ్చు. పరమ ఆస్తికుడైన రామానుజులే శ్రీభాష్యంలో అలాంటి అనుమానాలతో ఈశ్వరుడు సిద్ధించడనీ, శాస్త్రం, అంటే వేదం, ఒక్కటే ప్రమాణమనీ విస్తారంగా ఖండించారు. చెల్లని వాదం వేరు, అసలు వాదమే లేకపోవడం వేరు. మత్స్యకన్య పక్షాన అటువంటి వాదం ఏదీ లేదు.

పదకొండో శతాబ్దపు యూరప్‌లో ఇదే తగవు ఇంకో రూపంలో నడిచింది. అంతకంటే గొప్పదాన్ని ఊహించలేనిది ఏదో అదే దేవుడు, ఊహలో మాత్రమే ఉన్నదానికంటే నిజంగా ఉన్నది గొప్పది కనుక దేవుడు ఉండి తీరాలి అని 1078 ప్రాంతంలో ఆన్సెల్ము అనే క్రైస్తవ సన్యాసి వాదించాడు. గానిలో అనే మరో సన్యాసి వెంటనే ఒక దీవిని కల్పించాడు. అంతకంటే గొప్పదాన్ని ఊహించలేని దీవి, ఇదే తర్కం ప్రకారం అదీ ఉండి తీరాలి కదా అన్నాడు. గమనించండి, గానిలో నాస్తికుడు కాడు. విశ్వాసి అయి ఉండి, చెడ్డ వాదాన్ని పట్టుకోవడానికి కల్పిత వస్తువును వాడాడు. పోలికను వాడవలసిన తీరు ఇది అని నాకనిపిస్తుంది: దేవుడి మీదికి కాదు, ఒక నిర్దిష్టమైన వాదం మీదికి. ఒక వాదం దేవుణ్ణీ దీవినీ ఒకేలా నిరూపిస్తుంటే, ఆ వాదంలో లోపముంది.

ఇప్పటివరకు విన్నవారు నేను ఆస్తికుల వైపు మొగ్గుతున్నాననుకోవచ్చు. కానీ ‘దేవుడు జాబితాలోని వస్తువు కాడు’ అన్న జవాబుకు ఒక ధర ఉంది. చాలామంది ఆ జవాబు తీసుకుంటారు కానీ ధర చెల్లించరు. వాదసభలో దేవుడు నిరాకారుడు, నిర్గుణుడు, సకలానికీ ఆధారం. సభ ముగియగానే అదే దేవుడు ఫలానావారి జబ్బు నయం చేశాడు, ఫలానావారికి ఉద్యోగం ఇప్పించాడు, నా శత్రువుకు తగిన శాస్తి చేశాడు. ఈ రెండో రకం వాక్యాలు లోకంలో జరిగిన సంఘటనల గురించినవి. ఇవి ‘సరస్సులో పెద్ద జంతువు ఉంది’ అన్న వాక్యం ఎంత పరీక్షకు లోబడుతుందో అంతే లోబడతాయి, లోబడాలి కూడా. 2006లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మంది రోగులను మూడు వర్గాలుగా విభజించారు. ఇతరులు ప్రార్థన చేస్తున్నారో లేదో తెలియని రెండు వర్గాల్లో, ప్రార్థన అందుకున్నవారిలో 52 శాతం మందికీ, అందుకోనివారిలో 51 శాతం మందికీ సమస్యలు తలెత్తాయి. తమకోసం ప్రార్థిస్తున్నారని నిశ్చయంగా తెలిసిన మూడో వర్గంలో 59 శాతం మందికి తలెత్తాయి. దేవుడు ఇలాంటి పరీక్షలకు లొంగడని విశ్వాసి అంటే, అది విచారించదగిన మాటే. కానీ ఫలితం అనుకూలంగా వచ్చి ఉంటే అదే విశ్వాసి దానిని ఊరూరా చాటేవాడు కాదా అన్న ప్రశ్నకు అతను తన మనసులోనైనా నిజం చెప్పుకోవాలి. నా తీర్పు ఇది: నమ్మకం లోకంలోకి దిగి ఒక సంఘటనను తనదిగా చెప్పుకున్న క్షణాన, ఒంటికొమ్ము గుర్రంతో పోలిక పూర్తిగా చెల్లుతుంది. అక్కడ ‘కేటగిరీ వేరు’ అని తప్పించుకోవడం కుదరదు.

ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను మరో దిక్కునుంచి పట్టుకున్నారు. పాల్ హారిస్, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో చిన్నపిల్లలను ఇలాంటి కనబడనివాటి గురించి అడిగారు. సూక్ష్మజీవులూ ప్రాణవాయువూ ఉన్నాయని పిల్లలు అత్యంత ధీమాగా చెప్పారు. దేవుడు, శాంతాక్లాజ్ లాంటివారి విషయంలో ఉన్నారనే చెప్పారు కానీ ఆ ధీమా కాస్త తగ్గింది. రాక్షసుల్లాంటివి లేవని ఎక్కువమంది తేల్చారు. సూక్ష్మజీవినీ ఆ పిల్లలు చూడలేదు, దేవుణ్ణీ చూడలేదు. మూడు మెట్లూ పెద్దల మాట తీరునుంచే వచ్చాయి. ‘సూక్ష్మజీవులు ఉన్నాయని నేను నమ్ముతున్నాను’ అని ఏ పెద్దవారూ పిల్లలతో అనరు, ‘చేతులు కడుక్కో, క్రిములుంటాయి’ అంటారు. నమ్ముతున్నానని గట్టిగా చెప్పడంలోనే ఒక సందేహం వినబడుతుందని పిల్లలు పసిగడతారన్న వివరణ నాకు చాలా నచ్చింది. ఇందులో శాంతాక్లాజ్ దేవుడి మెట్టుమీదే నిలవడం ఆస్తికులకు రుచించదు. ఆ ఇబ్బందిని జస్టిన్ బారెట్ అనే పరిశోధకుడు 2008లో నేరుగా ఎదుర్కొన్నాడు. మనుషులు చేసిన మంచిచెడ్డలు తెలిసినవాడు, అతీత శక్తి ఉన్నవాడు అయిన శాంతాక్లాజ్ దేవుడుగా ఎందుకు నిలవలేదని అడిగి, పెద్దలు శాంతాను నమ్మినట్టు బతకరనీ, ఆ నమ్మకాన్ని నిలబెట్టే ఆచరణ ఏడాది పొడవునా లేదనీ వివరించాడు. ఇది నమ్మకం ఎలా నిలుస్తుందో చెబుతుంది. అది నిజమో కాదో చెప్పదు. ఎంతోమంది నమ్ముతున్నారు కాబట్టి నిజమనేవారికీ, మెదడు తీరువల్లే నమ్ముతున్నారు కాబట్టి అబద్ధమనేవారికీ ఈ పరిశోధనలు సమానంగా పనికిరావు.

ఆల్విన్ ప్లాంటింగా అనే తత్త్వవేత్త 1983లో మరో మార్గం ప్రతిపాదించాడు. నిన్న భోజనం చేశానన్న జ్ఞాపకాన్ని మనం వాదంతో నిరూపించకుండానే నమ్ముతాం. దైవవిశ్వాసం కూడా అలాంటి పునాది నమ్మకం కావచ్చునన్నాడు. అలాగైతే ఏ వింత జీవినైనా పునాది నమ్మకమని ప్రకటించుకోవచ్చు కదా అన్న ఆక్షేపణను తానే లేవనెత్తి, పునాది నమ్మకాలకు కూడా తగిన సందర్భం, ఆధారం ఉండాలని జవాబిచ్చాడు. ఆ తగినదేమిటో ప్రతి సమాజమూ తన ఉదాహరణలతో తానే తేల్చుకుంటుందనడం నాకు తృప్తినివ్వలేదు. ఆ గీటురాయి అందరి బంగారాన్నీ బంగారమే అంటుంది.

నన్ను ఎక్కువగా వెంటాడేది జాన్ విజ్డమ్ అనే తత్త్వవేత్త 1944లో చెప్పగా, ఆంటొనీ ఫ్లూ అనే మరో తత్త్వవేత్త 1950లో పదును పెట్టిన ఒక కథ. ఇద్దరు బాటసారులు అడవి మధ్యలో పూలూ కలుపూ కలిసి పెరిగిన ఖాళీ స్థలాన్ని చూస్తారు. దీనికి తోటమాలి ఉన్నాడంటాడు ఒకడు, లేడంటాడు రెండోవాడు. కాపలా కాస్తారు, ఎవరూ రారు. కరెంటు కంచె వేస్తారు, వేటకుక్కలను తిప్పుతారు, ఏ అలికిడీ లేదు. అయినా తోటమాలి ఉన్నాడు, అతను కనబడడు, తాకబడడు, వాసన రాడు, రహస్యంగా వచ్చి తోటను ప్రేమగా చూసుకుంటాడని మొదటివాడు అంటూనే ఉంటాడు. నీ తోటమాలికీ, అసలు లేని తోటమాలికీ తేడా ఏమిటని రెండోవాడు అడుగుతాడు. ఈ కథలో తోటమాలిని ఎవరూ ఓడించలేదు. ఒక్కొక్క మినహాయింపుతో నమ్మినవాడే అతణ్ణి కొంచెం కొంచెంగా అరగదీశాడు. కనబడని కొమ్ములో కొమ్ముతనం మిగలలేదన్న ఉదయనుడి మాటను ఇక్కడ మళ్లీ వినండి.

‘లోకానికి ఆధారం’ అన్న వాక్యం వరకు ఈ కథ అంతగా బాధించదు, ఆ వాక్యం తోటలో ఒక మనిషి తిరుగుతున్నాడని చెప్పడం లేదు. కానీ ‘ఆయన మనల్ని ప్రేమిస్తాడు’ అన్న వాక్యం అలాంటిది కాదు. గజేంద్రుడు పిలిచింది లోకాధారాన్ని కాదు, తన మొర విని వచ్చేవాణ్ణి. తండ్రి బిడ్డను ప్రేమిస్తున్నాడంటే ఏది జరగాలో, ఏది జరగకూడదో మనకు తెలుసు. ఆ మాటను దేవుడికి వాడి, ఏది జరిగినా ఏది జరగకపోయినా ప్రేమే అంటే, తోటమాలికి పట్టిన గతే ఆ మాటకూ పడుతుంది. అందుకే ఫ్లూ అడిగిన ప్రశ్నను నేను విశ్వాసి ముందు పెడతాను: ఏది జరిగితే, ఆ ప్రేమ లేదని మీరు ఒప్పుకుంటారు? అదే ఊపులో అవిశ్వాసిని కూడా అడుగుతాను: ఏది కనబడితే, ఏది అనుభవమైతే, మీరు ఉన్నాడని ఒప్పుకుంటారు? ఒంటికొమ్ము గుర్రం విషయంలో ఈ రెండో ప్రశ్నకు చిన్నపిల్లవాడు కూడా జవాబు చెబుతాడు, ఒకదాన్ని తోలుకొచ్చి కట్టెయ్యండి అంటాడు. దేవుడి విషయంలో ఈ ప్రశ్నలను నేను చాలామందికి వేశాను. రెండు పక్షాలవారూ కాసేపు ఆలోచించి, నాకు ఇచ్చింది జవాబు కాదు, మరో ప్రశ్న. నా దగ్గర కూడా సిద్ధమైన జవాబు లేదు. నేను ఏ పక్షమని మొదట్లో దాటవేసిన ప్రశ్నకు కూడా ఇంతకంటే నిజాయితీగా చెప్పగలిగింది నా దగ్గర ఏమీ లేదు.

సమయం అయింది. ఇక మీ ప్రశ్నలు వింటాను.